వరదలో పోయినవి

తాయారత్త కుడి బొటనవేలు ఎప్పుడూ ఊదారంగే.
తేదీల స్టాంపు సిరా కక్కేది.
ఆ వేలితోనే మాకు ముద్దలు కలిపేది,
ఆ వేలితోనే నాన్నమ్మ రెప్ప ఎత్తి చుక్కల మందు వేసేది.
పూర్తి పేరు వీరమంగతాయారు.
రాజోలు శాఖా గ్రంథాలయంలో
ముప్పై ఒక్క ఏళ్ళు
తలుపు తీసింది, తలుపు వేసింది.

పొద్దున్నే గిన్నెడు మైదా ఉడికించేది గరిటెజారుగా,
చిటికెడు మైలుతుత్తం వేసి.
నాకొద్దు ఆ పాయసం అని తమ్ముడు ఏడిచేవాడు.
"నీక్కాదురా, అట్టలూడినోళ్ళకి పథ్యం."
నవ్వించి తను నవ్వకపోవడం ఆవిడ పద్ధతి.

పేపర్లు కర్రలకి గుచ్చకముందే
మెట్ల మీద ముసలాళ్ళు:
"ఆయ్, తాయారమ్మగారండీ, వానొచ్చేలా ఉందాండీ?"
"పేపరు చూసి మీరే నాకు చెప్పండి."

మధ్యాహ్నం ఎండలో సైకిలు.
బుట్టలో పైన తోటకూర కట్టలు, కింద నవలలు.
ఆడాళ్ళని గడప దాటనివ్వని ఇళ్ళలోకి
తోటకూరకి అడ్డు లేదు.
పై వారానికి కూర అరిగిపోయి
నవల తిరిగొచ్చేది
పేజీల అంచున పసుపు వేళ్ళ గుర్తులతో.
వాటికి మాత్రం ఆవిడ జరిమానా రాయలేదు.

పెదనాన్న అప్పు, అక్క నర్సింగు ఫీజు,
మంచం దిగని నాన్నమ్మ చివరి ఏడేళ్ళు...
చిట్టా రాస్తే ఆవిడకి కోపం.
ఆపేస్తాను.

పెళ్ళెందుకు చేసుకోలేదత్తా అని అడిగాను,
పన్నెండేళ్ళప్పుడు, పొట్టిక్క తింటూ.
"ఒకాయన చూడ్డానికొచ్చాడు.
బల్ల మీద పుస్తకం తీసి రెండు పేజీలు చదివి
మూల మడిచి మూశాడు.
వద్దన్నాను."
నిజమో అబద్ధమో.
ఆవిడ అబద్ధం ఆడగా మేం వినలేదు.

ఎనభై ఆరు ఆగస్టు. గట్టు తెగిన రాత్రి
లాంతరు పళ్ళతో కరుచుకుని
కింది అరలవి పై అరలకి ఎక్కిస్తూనే ఉంది,
నీళ్ళు నాలుగో అర దాకా ఎక్కేవరకూ.
తర్వాత నెలంతా మా డాబా మీద
చీరలారేసే తాళ్ళకి పుస్తకాలు వేలాడాయి.
పేజీ పేజీకీ మధ్య ఒండ్రు.
ఊదుతూ, విడదీస్తూ, మేం పిల్లలం ఏడుగురం.
కొన్నిట్లో పెసర మొలక లేచింది.
ఆరనివాటికి రిజిస్టర్లో ఒక పద్దు:
"వరదలో పోయినవి", రెండువందల పదమూడు.
ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు.

మొన్న మాఘంలో పోయింది.
డెబ్భై నాలుగు.
ట్రంకు పెట్టె అడుగున నేత చీరల కింద
రైల్వే టైం టేబుల్, ఎనభై అయిదుది.
గ్రంథాలయం సీలు, నంబరు, అన్నీ ఉన్నాయి.
మరక లేదు.
ఒక్క నీటిబొట్టు తాకిన జాడ లేదు.
ఇటార్సీ దగ్గర ఊదా పెన్సిలుతో ఒక గీత,
ఝాన్సీ దగ్గర రెండు,
నేనెప్పుడూ పేరు వినని ఏదో స్టేషను పక్కన
సన్నగా: "ఇక్కడ తెల్లారుతుంది."

మా సీమకి రైలు ఇంకా రాలేదు.
దాని కోసం వేసిన స్తంభాలు గోదాట్లో నిలబడి ఉన్నాయి,
కొంగలు దిగడానికి.
ఆవిడ రాజమండ్రి దాటి వెళ్ళిందని
మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

తీసుకెళ్ళి ఇచ్చేద్దామని వెళ్ళాను.
కొత్త కుర్రాడు పాత రిజిస్టరు దులిపి తీశాడు.
రెండువందల పదమూడో వరుస.
గుండ్రటి దస్తూరీయే,
ఆ ఒక్క వరుసలో అక్షరాలు కొంచెం చిన్నవి.

గడువు దాటి ముప్పై ఎనిమిదేళ్ళు,
జరిమానా ఎంతవుద్దని అడిగాను.
కుర్రాడు పుస్తకం వంకా నా వంకా చూసి
దాన్ని మెల్లిగా నా వైపు తోశాడు.
"ఇది వరదలో పోయిందిగదండీ" అన్నాడు.

ఆయ్, అన్నాను.