కుడి అంచున గుండీ

తొమ్మిది రోజులు ఆ బోర్డు ఎదురుగా స్టూలు వేసుక్కూర్చున్నాను,
మోంటెవిడియోలో, ఆపరేషన్ థియేటర్ల నడవా మలుపులో.
ఆరు థియేటర్లకు ఆరు వరసలు.
మత్తు డాక్టరు సిద్ధమైతే పచ్చ అయస్కాంతం,
రక్తం ఇంకా పైకి రాకపోతే ఎర్రది,
గది కడుగుతుంటే నీలం.
దీన్నంతా గాజు తెరలోకి ఎక్కించడం నా పని.

ముప్పై ఏళ్లుగా ఆ బోర్డు నెలిడాది.
చంకలో మాతే ఫ్లాస్కు, చెవి వెనక మార్కరు.
చేత్తోనే చెరుపుతుంది, అరచేతి అంచెప్పుడూ నలుపే.
"డస్టరుందిగా?" అంటే
"అది అంతా తుడిచేస్తుంది" అంది.

అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.
నాలుగో వరసలో మరక మీద మరక:
ఆ పిత్తాశయం మూడుసార్లు వాయిదా పడిందని,
ఆ మనిషి నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని
డాక్టర్ ఎచెగరాయ్ నడక ఆపకుండానే చదువుకుంటాడు,
తన రెండో కేసు వెనక్కి జరుపుకుంటాడు.
ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

రాసుకున్నాను: ప్రతి వాయిదాకూ ఒక బూడిదరంగు చుక్క.
తొమ్మిది మీటర్ల నుంచి కళ్లద్దాల్లేకుండా కనబడాలి.
పేర్లు వద్దు, పొడి అక్షరాలు చాలన్నారు పైవాళ్లు.

ఒక్కటి మాత్రం నా పట్టికలో ఇమడలేదు.
తెల్ల కోటు గుండీ, వెనక అయస్కాంతం అతికించినది.
ఒకరోజు రెండో వరసలో, ఒకరోజు ఎక్కడా ఉండదు.
మత్తు డాక్టరుకు తెలియదు. మేనేజరు నవ్వాడు.
"ఉపయోగం తెలియదు, తీసేయవచ్చు" అని రాశాను.

చివరి రోజు అడిగాను.
నెలిడా గొట్టంతో ఓ గుక్క పీల్చి, మాతే నా చేతికిచ్చి,
"బయట కుర్చీల్లో ఎవరూ లేని మనిషి" అంది.
"మెలకువ వచ్చేసరికి మాలో ఒకరం పక్కనుంటాం.
ఎవరి వంతో బోర్డు చెప్పదు. చూసినవాళ్లదే."

దీనికి గడి గీయలేను.
గీస్తే ఫారంలో ప్రశ్నై కూర్చుంటుంది:
మీకెవరైనా ఉన్నారా?
అవును. కాదు.

తెర బిగించిన ఉదయం
గుండీ గాజుకు పట్టలేదు. జారి, టక్కున నేల మీద పడింది.
ఇరినేయా సర్జికల్ టేపు చించి మూడో వరస మీదే అతికించింది,
సగం అక్షరాలు దాని కిందికెళ్లాయి.

ఆ రాత్రి ఇంట్లో
కుడి అంచున వేలెడు వెడల్పు ఖాళీ వదిలాను, పైనుంచి కిందిదాకా.
ఇంత చోటు వృథా ఎందుకని సమీక్షలో అడిగారు.
మార్జిన్ అన్నాను.

ఇప్పుడక్కడ టేపు జిగురు మచ్చలట.
అద్దం తుడిచే కుర్రాడికి నెలిడా చెప్పిందట,
ఆ పక్కకి గుడ్డ పోనీయొద్దని.