హారను లేని మలుపులు

మెగ్రీ నుంచి బయల్దేరేటప్పుడు
వెనక సీట్లో పదకొండు పెట్టెల అంజూరాలు,
ముందు సీట్లో అర్షవీర్ గారు.
యెరెవాన్ దాకా మూడువేల ద్రాములిస్తానని ఎక్కాడు.
ఒకప్పుడు అక్కడ ట్రాలీబస్సుల కరెంటు చూసేవాడట.
ఎడమ చెవి వినపడదు.
నేను నడుపుతున్నది ఆ పక్క నుంచే.

నా ఓపెల్‌కి చదునులో ఏ జబ్బూ ఉండదు.
కొండెక్కేటప్పుడే
ముల్లు కూడా ఎక్కుతుంది,
నాకంటే ముందే కనుమ చేరాలన్నట్టు.

తొంభై. తొంభై ఐదు. నూట ఐదు.
"హీటరు పెట్టు," అన్నాడు.
ఆగస్టు నెల. తప్పుగా విన్నాననుకున్నాను.
"పూర్తిగా తిప్పు. దాని జ్వరం కొంత మనం పంచుకోవాలి."
అద్దాలు దించి
కాళ్ళ మీద నిప్పుల గాలి పోసుకుంటూ
రెండు మలుపులు లాక్కొచ్చాం.
అంజూరాలకి పాకం వాసన వచ్చింది.
మూడో మలుపులో ఆవిరి.

రేడియేటర్ మూత మీదికి నా చెయ్యి పోతుంటే
మణికట్టు పట్టేసుకున్నాడు.
చొక్కా పై గుండీ తీశాడు.
మెడ కింద, అరచేతి మేర, నున్నటి మచ్చ.
"తొందర," అన్నాడు. అంతే.

నలభై నిమిషాలు రాళ్ళ మీద కూర్చున్నాం.
గొర్రెల కుక్క ఒకటి వచ్చి
టైరు వాసన చూసి, నచ్చక పోయింది.

"పరుగులో ముల్లు దిగుతుందా?"
"దిగుతుంది."
"నిలబడితే?"
"ఎక్కుతుంది."
"అయితే లోపల నీళ్ళు తిరుగుతున్నాయి. గాలే లేదు.
పరుగెడితే గాలి తనంతట తనే ఎదురొస్తుంది.
నిలబడ్డప్పుడు ఫ్యాను తేవాలి. అది రావట్లేదు."

గోరిస్‌లో మెకానిక్
థర్మోస్టాట్‌కి ఒకసారి, పంపుకి ఒకసారి
నా దగ్గర డబ్బు తీసుకున్నాడు.
ఫ్యాను వంక కన్నెత్తి చూడలేదు.

ట్రాలీబస్సు మనిషి జేబులో వైరు ముక్కలు లేకుండా ఉంటాడా!
ఫ్యాను ప్లగ్గు పీకి, బ్యాటరీ నుంచి నేరుగా ముట్టించాడు.
తిరిగింది,
పోయినేటి ఆకులన్నీ మా మొహాన కొడుతూ.
"పనివాడు బానే ఉన్నాడు. పిలిచేవాడే లేడు."

ఫ్యూజు తీసి ఆకాశానికి ఎదురుగా పట్టాడు:
లోపలి తీగ తెగలేదు.
ప్లగ్గు మళ్ళీ పెట్టి, చల్లారిన నీళ్ళు నింపి, ఇంజను వేయించి
పెట్టె మీదికి కుడి చెవి వంచాడు.
ముల్లు నూరు దాటింది.
రిలే దగ్గర టిక్కుమనాలి.
అనలేదు.
నాలుగు కాళ్ళ నల్ల డబ్బీ. గోటితో పీకాడు.
పక్కనే దాని కవల.

"ఇది ఎవరిది?"
"హారనుది."
కాసేపు నన్నే చూశాడు.
"అరవకుండా బతకగలవా?"

టిక్.
ఫ్యాను.

ఆ తర్వాత ప్రతి గుడ్డి మలుపులోనూ
ఆయనే తల బయటపెట్టి కేకేశాడు,
ఇప్పుడు నడవని ఏదో రూటులోని స్టాపుల పేర్లు:
గడియారాల ఫ్యాక్టరీ!
పాల డిపో!
ప్రసూతి ఆసుపత్రి!
ప్రసూతి ఆసుపత్రి దగ్గర
ఇరాన్ లారీ ఒకటి గప్పున ఆగి
మాకు దారిచ్చింది.

యెరెవాన్‌లో దిగేటప్పుడు డబ్బులొద్దన్నాను.
వినపడని చెవి నా వైపు పెట్టి
లెక్కపెట్టి ఇచ్చాడు,
ఐదువందలు తగ్గించి.
హీటరుకట.

కొత్త రిలే కొని మూడు వారాలైంది.
డాష్‌బోర్డు అరలోనే ఉంది, కాగితం విప్పలేదు.
నిన్న అదే కనుమ ఒక్కదాన్నే ఎక్కుతూ
తల బయటపెట్టి
పాల డిపో, అన్నాను.
మొదటిసారి గొంతు పెగల్లేదు.
రెండోసారికి కొండ అందుకుంది.
ముల్లు తొంభై దగ్గరే ఉంది.