గురువారం కెమిస్ట్రీ

హల్ ఊళ్లో నీళ్లు సుద్దకొండల కడుపులోంచి వస్తాయి.
నమ్మకపోతే మా కెటిల్ మూత తీసి చూడు,
అడుగున తెల్లటి పెచ్చు, పొలుసులు పొలుసులుగా.
కాల్షియం కార్బొనేట్.
మూడు నెలల క్రితం దాన్ని మడ్డి అనేదాన్ని.

హెసిల్ రోడ్డు మీద చేపల దుకాణంలో
రాత్రి పదింటికి షట్టరు దించాక
మిగిలిన వెనిగర్ ఒక సీసాడు తెచ్చుకుంటాను.
కెటిల్లో పోస్తాను. బుస్సుమంటుంది.
రాసుకో ఫిలోమినా:
ఆమ్లమూ కార్బొనేటూ కలిస్తే
లవణం, నీరు, బొగ్గుపులుసు వాయువు.

బొగ్గుపులుసు వాయువు!
ఎనిమిదో తరగతిలో జకరయ్య మాస్టారు
బొప్పాయి కాడతో సున్నపుతేటలోకి ఊదించి
తెల్లబడగానే
"అదిగో, నీ ఊపిరే" అన్నారు.
ఇక్కడ ఆ పేరు రాస్తే మార్కు రాదు.

నా తలలో ప్రతి మూలకానికీ రెండు పేర్లు,
పెళ్లయినదానికి రెండు ఇంటిపేర్లున్నట్టు.
ఉదజని, హైడ్రోజన్. నత్రజని, నైట్రోజన్.
ప్రశ్న ఇంగ్లీషులో లోపలికెళ్లి
తెలుగులో ఉడికి
ఇంగ్లీషులో బయటికొచ్చేసరికి
గంట కొట్టేస్తారు.

అందుకే మొదటి పదింటికీ ఓ వరస కట్టుకున్నాను:
హరి హేళనకి లీల బెదిరి బోరుమంది,
కాకి నవ్వింది, ఆవు ఫక్కుమంది, నేనూ.
వేళ్ల మీద లెక్కపెట్టుకో, సరిగ్గా పది.
(పట్టిక పరీక్షలో వాళ్లే ఇస్తారని
నెల తర్వాత తెలిసింది. ఏం చేస్తాం.)

చివరి "నేనూ" నియాన్.
బయటి కక్ష్యలో ఎనిమిదీ నిండిపోయి
ఎవరి దగ్గరా పుచ్చుకోదు, ఎవరికీ ఇవ్వదు.
సాయంత్రం క్లాసులో, చివరి బల్ల దగ్గర,
మొదటి నెలంతా నేనూ అంతే.

పదకొండోది సోడియం.
ఒక్కటి ఎక్కువుంది దాని దగ్గర,
ఎవరి చేతిలో పెడదామా అని తిరుగుతుంటుంది.
అది కీరన్.
పందొమ్మిదేళ్లు, రేవులో పని, లెక్కల్లో పులి.
అడక్కుండానే కాలిక్యులేటర్ నా వైపు తోశాడు.
మోల్ అంటే ఏంటంటే
"డజను లాంటిదే, కాకపోతే మహా పెద్ద డజను" అన్నాడు.
బ్రెయిత్‌వైట్ మేడం మూడు వారాలు చెప్పింది
ఆ ఒక్క ముక్కతో దిగింది.

వాడికి ఆమ్లమూ క్షారమూ ఎప్పుడూ తారుమారే.
నా ఏప్రన్ మీద పప్పు మరక ఉంది,
టీ విరామంలో దాని మీద తడి సబ్బు రుద్దాను.
ఎర్రబడింది.
వెనిగర్ చల్లాను, మళ్లీ పసుపు.
కీరన్ ఒక బూతుమాట అని, మేడం వైపు చూసి,
నోరు మూసుకున్నాడు.
పసుపు, సున్నం, పారాణి,
పెళ్లికూతురి పాదాలు... చెప్పబోయి ఆగాను.
సిలబస్‌లో లేదు.
బదులుగా లీల కథ నేర్పాను. వాడికి నోరు తిరగలేదు.

బుధవారం రాత్రి,
చేపలు చుట్టే కాగితం మీద
మీథేన్ మండించాను, పొయ్యి పక్కనే నిలబడి.
ఎడమన నాలుగు హైడ్రోజన్లు,
కుడిన రెండే.
ఎక్కడ పోయాయి మిగతా రెండూ?
గిరాకీ వచ్చింది, ఉప్పు, వెనిగర్, మూడు పౌండ్లు చిల్లర.
మళ్లీ వచ్చి చూస్తే
నీటి ముందు నేను వేసిన రెండు
నూనె మరకలో కలిసిపోయి కనబడలేదు, అంతే.
పోలేదు. ఉంది.

గురువారం. పెద్ద హాలు, విడివిడి బల్లలు,
లేబుల్ పీకేసిన నీళ్ల సీసాలు.
మొదటి ప్రశ్న క్రొమటోగ్రఫీ.
చదవలేదు.
కళ్లెత్తాను.

రెండు వరసల ముందు కీరన్ వీపు.
పట్టిక బల్ల మీద తెరిచే ఉంది,
అయినా పెన్ను పక్కన పెట్టి
రెండు చేతులూ కిందికి వేలాడేసి
ఒక్కో వేలే మడుస్తున్నాడు,
తల కొంచెం ఊగుతోంది,
హరి, హేళనకి, లీల...

పదో వేలు దగ్గర ఆగాడు.

నేనూ.