ఒక గంట తేడా

పున్తా అరేనాస్‌లో జూలై.
గాలికి ఎగిరిపోకుండా పట్టుకోమని
వీధి మలుపుల్లో తాళ్ళు కట్టారు.
పోర్టు ఆఫీసు రెండో అంతస్తులో,
ఆటుపోట్ల లెక్క రాసే పాత యూనిక్స్ పెట్టె
నా కాళ్ళ దగ్గర గురక పెడుతోంది.

మూట విప్పాను.
పెట్రెల్ అని ఒక చిన్న భాష,
ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాసి
ఊరికే ఇచ్చేసింది.
రాసినవాళ్ళ పట్టికలో నలభై రెండు పేర్లు.
చివరి పేరు పక్కన: ఒక కామా సరిచేశాను.
ఆ మనిషెవరో నాకు వెంటనే నచ్చాడు.

కాన్ఫిగర్ అన్నానో లేదో
కస్టమ్స్ గుమాస్తాలా మొదలెట్టింది.
సీ కంపైలర్ ఉందా? ఉంది.
పనిచేస్తుందా? చేస్తుంది.
ఇక్కడి పరిసరాలకు మతి స్థిమితంగా ఉందా? ఉంది.
(ఆ జవాబు దగ్గర ఆగి
కిటికీలోంచి జలసంధిని కాసేపు చూశాను.)
రీడ్‌లైన్ ఉందా?
లేదు.

రీడ్‌లైన్ తెస్తే అది కర్సెస్ కావాలంది.
కర్సెస్ తెస్తే, ఇది మరీ కొత్తది,
కాస్త పాతది చూడమంది.
పాతది దోన్ యాకోవ్ బీరువాలో దొరికింది,
సార్డీన్ల డబ్బా కింద, సీడీ మీద ఆయన చేతిరాత:
పారేయకు.

మేక్.
తెర మీద వరసలు వరసలుగా పైకి పోతున్నాయి.
హెచ్చరిక: ప్రకటించారు గానీ ఎక్కడా వాడలేదు.
పర్లేదు, మా ఆఫీసులోనూ ఇద్దరున్నారు.
మాతే రెండుసార్లు కాచుకున్నాను.
మూడోసారికి ఆకు రుచి పోయింది, పెట్టె ఇంకా నములుతోంది.

చీకటి పడ్డాక పరీక్షలు.
నాలుగు వందల పదకొండు నెగ్గాయి.
ఒకటి తప్పింది: స్థానిక సమయం.
రావలసింది ఏడు, వచ్చింది ఆరు.

పెట్రెల్ తప్పు కాదు.
చలికాలంలో గడియారం వెనక్కి తిప్పేది లేదని
మా మగాయానెస్ తేల్చుకుని ఏళ్ళయింది.
ఆ కబురు ఈ పెట్టెకు ఎవరూ చెప్పలేదు.
ప్రతి శీతాకాలం అది సాంతియాగో గంటలోనే బతికింది,
మా సముద్రం పోటెక్కిన వేళ ఒక గంట ముందే రాసుకుంటూ.

చెబుదామంటే రూట్ కావాలి.
రూట్ పాస్‌వర్డు, ఉద్యోగం మానేసినా, దోన్ యాకోవ్ దగ్గరే ఉంది.
ఫోన్ చేశాను.
"ఫోన్లో చెప్పేది కాదు నెలిదా, గాలి వింటుంది."

డెబ్బై ఆరేళ్ళ మనిషి
తాడు తర్వాత తాడు పట్టుకుంటూ వచ్చాడు.
కీబోర్డు మీద టోపీ కప్పి
దాని కింద రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం, దేవుడా,
ఒక్కో అక్షరం కొట్టాడు.
సమయ పట్టిక కొత్తది వేశాను.
ఏడు చూపించమంటే ఏడు చూపించింది.
మేక్ ఇన్‌స్టాల్ నిమిషంలో అయిపోయింది,
అంత పనికి అంత చిన్న ముగింపు.

పాత లెడ్జర్లు ఆయనే తీసి చూపించాడు.
జూన్, జూలై, ఆగస్టు:
యంత్రం అచ్చేసిన ప్రతి గంట పక్కన
పెన్సిల్‌తో సన్నగా, ప్లస్ ఒకటి.
ఏటేటా, రోజుకు నాలుగుసార్లు.
ఎవరూ అడగని మాసిక,
కుట్టు కూడా కనబడకుండా వేసింది.
"మరి నాకెందుకు చెప్పలేదు?"
"నువ్వు అడగలేదుగా. పైలట్లకు తెలుసు."

వెళ్ళేముందు జేబులోంచి పెన్సిల్ తీసి
బల్ల మీద పెట్టాడు.
గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ తీసుకున్నాడు.
"ఇంట్లో గోడ గడియారం ఒకటుంది," అన్నాడు.

ఆ రాత్రి పెట్రెల్ వాళ్ళకు ఉత్తరం రాశాను.
ఈ పాత పెట్టె మీద ఎలా కట్టాలో వివరంగా,
కర్సెస్ గొడవతో సహా.
కింద, పట్టికలో చేర్చమని ఒక పేరు:
యాకోవ్ మ్లాదినిచ్, ఒక గంట సరిచేశాడు.

జవాబు ఇంకా రాలేదు.