ఇనుప నాణెం

"చేయి బారచాపు. ఈ నాణెం పట్టుకో.
నువ్వు చూసింది దీనికన్నా పెద్దదా, చిన్నదా?"
అడిగాడు లెఫ్టినెంట్ హెగ్‌బ్లూమ్.
యుద్ధంలో రాగి కరువై
ఇనుముతో పోసిన ఐదు ఎరె బిళ్ళ.
అంచున అప్పుడే తుప్పు.

టోర్బోర్గ్ చేయి చాపింది,
మోచేతి దాకా సబ్బు నురగ ఇంకా ఆరని చేయి.
ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.
"నాణేనికి చప్పుడుండదు కదా" అంది.

టైపు మిషన్ ముందు కూర్చున్న సిపాయిని నేను.
ఇరవై ఏళ్ళు.
ఆ మాట ఏ గడిలో కొట్టాలో తెలియలేదు.
ఆకారం, రంగు, దిశ, వేగం, పొగ:
గడులన్నీ స్టాక్‌హోమ్‌లో గీసి పంపారు.
చప్పుడుకు ఒక్కటే గడి,
అదీ రెండు మాటలు పట్టేంత.
ఆమె చెప్పింది మాత్రం,
"వసంతానికి ముందు సరస్సు నడిమధ్య
మంచుపలక ఫెళ్ళున విరిగినట్టు.
కానీ ఇది జూలై."

రేవు చెక్కల మీద పేలికల తివాచీలు ఉతుకుతోందట.
ఆగ్నేయం నుంచి బూడిదరంగుది, రెక్కల్లేనిది,
ఫర్ చెట్ల తలల మీదుగా వచ్చి నీళ్ళలోకి దిగిందట.
నీరు నిలువునా లేచి కూలిందట.
కలువలు వేళ్ళతో సహా తేలాయి.
అవి మాత్రం మేమూ చూశాం.

"సమయం?"
"బంగాళదుంపలు పొయ్యి మీద పెట్టి వచ్చాను."
పదకొండూ నలభై అయిదు, అని కొట్టాను.
తాగుతుందా, కళ్ళద్దాలున్నాయా,
కోతలు కోసే మనిషా?
ఇవి ఆమెను కాదు, పొరుగువాళ్ళను అడగాలి.
అడిగాం.
వాళ్ళు మా బూట్ల వంక చూశారు.

మూడు వారాలు తెప్ప మీద గడిపాం.
మూడు మీటర్ల నీరు,
దాని కింద ఎన్ని బారల తాడు వదిలినా
అడుగు తగలని బురద.
అయస్కాంతానికి పాలక్యాను మూత అంటుకొచ్చింది,
స్లెడ్జి బండి పట్టీ వచ్చింది,
ఎవరూ నాది అనని తుపాకీ ఒకటి.
సాయంత్రమయ్యేసరికి ఊరంతా ఒడ్డున చేరి
తన తన నష్టాలను గుర్తుపట్టేది.

పంతొమ్మిదో రోజు ఒక స్కేటు.
పిల్లవాడిది, ఒంటికాలిది.
తోలు పట్టీ కుళ్ళిన చోట
తారు పూసిన వలతాడు కట్టి ఉంది,
తాడు మాత్రం నిక్షేపంలా ఉంది.

"ఎవరిది?"
దోమల చప్పుడు తప్ప ఏమీ లేదు.
టోర్బోర్గ్ దగ్గరికొచ్చి,
ఇనుము ముట్టుకోకుండా, తాడును వేలితో తాకి
"ఈ ముడి నేనే వేశాను" అంది.

ఏ సంవత్సరం అని అడగబోయి
లెఫ్టినెంట్ పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.
చప్పుడు గడిలో నేను కొట్టిన
"భారీ, క్లుప్తం" అనే రెండు మాటలు
అప్పుడు వినబడ్డాయి నాకు.

నాలుగు కార్బన్ ప్రతులు. పైన రహస్యం ముద్ర.
సాక్షి నమ్మదగినది.
వస్తువేదీ లభ్యం కాలేదు.
స్కేటు విచారణకు సంబంధించినది కాదు కనుక
జాబితాలో చేర్చలేదు.

లారీ ఎక్కుతుంటే వచ్చింది,
ఐదు ఎరె తిరిగివ్వడానికి.
"ఏమీ పడలేదని రాశారా?"
నోరు విప్పితే కోర్టు మార్షల్. అయినా చెప్పాను.
"లేదు. దొరకలేదని రాశాం."
కాసేపు ఆలోచించింది.
"అట్లయితే సరే.
మా హిల్డింగ్ పేరు పక్కన
పాస్టరు గారూ అదే మాట రాశారు."

నాణెం నా అరచేతిలో తడిగా ఉంది.
ఆమె అప్పటికే రేవు వైపు నడుస్తోంది.
తివాచీలు ఇంకో రెండు మిగిలున్నాయి.