తెర

లుసుబిలో, గుమ్మంలోంచే తొంగిచూశావు.
చాప మీద దోమతెర లేదు.
ఏమని చెప్పను?
మలావీ సరస్సు ఒడ్డున, రాళ్ల మీద ఆరుతోంది,
ఉసీపా చేపల పొలుసులు అంటుకుని.

నువ్విచ్చిన కొత్తలో మందు వాసన.
నేనూ, టివోంగే, చంటివాడూ
నెలంతా దాని కిందే పడుకున్నాం.
దోమలు బయట పాడుకున్నాయి.

తర్వాత మొక్కజొన్న గాదెకు అడుగు కనిపించింది.
పిల్ల జబ్బకు నువ్వు చుట్టిన పట్టీ
పసుపు దాటి ఎరుపు అంచున ఆగింది.
చేప పెట్టు, గుడ్డు పెట్టు అన్నావు.
అనడానికేం.
మా ఇంట్లో వల లేదు. తెర ఉంది.

గోరంత చేపను కూడా
దాని సన్న కన్నులు వదల్లేదు.
ఎండబెట్టి, దంచి, గంజిలో కలిపాను.
మూడు వారాలకు పట్టీ మళ్లీ పసుపులోకి వచ్చింది.
నీకు చూపించాలని ఎంత ఉబలాటమో!

నాలుగో వారం చలి,
తెరలు తెరలుగా.
చేప పెట్టిన కండంతా
జ్వరం ఐదు రోజుల్లో తినేసింది.

కోప్పడకు. నిన్న కడిగాను.
చిరుగులు పదకొండు.
మా అన్న వలలల్లే దారం అడిగి తెచ్చి కుట్టాను.
నీ పుస్తకంలో రాసుకో:
ఈ ఇంటికి ఇంకో తెర వద్దు,
ఒక వల కావాలి.

రాత్రి దాని కింద దూరాం.
ఎంత కడిగినా చేపల వాసనే.
టివోంగే నిద్రలో
పెదాలు చప్పరిస్తోంది.