మంచు గడి

గార్లదిన్నె దాటినాక రోడ్డుకి ఎడమపక్క
రేకుల కప్పు కింద చీనీకాయల గిడ్డంగి.
గంటకోసారి గాజుపలక తుడిచి
ఆరు డిగ్రీలు, ఆరున్నర, ఆరు అని
పుస్తకంలో రాయడం నా ఉద్యోగం.
బయట నలభై మూడు.
దానికి గడి లేదు.

లోపల గొట్టాల మీద తెల్లగా పేరుకుంటుంది.
మంచు అంటే ఒప్పుకోడు మెకానిక్ కుళ్లాయప్ప.
వెయ్యడుగుల బోరులోంచి
అప్పు చేసి పైకి లాగిన నీళ్లు
వేరెక్కి, కొమ్మెక్కి, కాయలో రసమై
లారీ దిగి, తోలులోంచి చెమటగా పోయి
ఇక్కడొచ్చి కూచున్నాయంటాడు.
"కాయ తూకం తగ్గిందంటారే,
ఆ తగ్గింది ఇదే, చూడు మే" అని
గోటితో గీకి నా అరచేతిలో పెట్టినాడు.
చూసేలోపల కరిగిపోయింది.

కంపెనీవాళ్లు బిగించిన టైమరుకి ఇవేవీ తెలీవు.
ఆరుగంటలకోసారి హీటరు వేస్తుంది,
ఆకలున్నా లేకున్నా
గంట కొట్టి అన్నం పెట్టే హాస్టలు మాదిరి.
మంచు లేని రాత్రి ఉత్త గొట్టాన్ని కాలుస్తుంది.
ఆ వేడి చల్లార్చడానికి
కంప్రెసరు మళ్లీ మూలుగుతుంది.
మీటరు ఎర్రదీపం కన్ను గీటుతూనే ఉంటుంది.
నెలాఖరున బిల్లు చేతికొస్తే
ఓనరు నారప్ప కళ్లజోడు తీసి తుడుస్తాడు,
తప్పు అద్దాలదేమో అన్నట్టు.

కుళ్లాయప్ప ఏడాది పాటు ఫ్యాను ఊపిరి విన్నాడు.
మంచు ముసిరితే అది
దుప్పటి లోపల్నించి మాట్లాడినట్టు మాట్లాడుతుందంట.
నాకు వినపడలేదు చాన్నాళ్లు.
విన్నదాన్ని గోడకి ఎక్కించాలని
చెల్లెలి కాన్పులో వాడకుండా మిగిలిన
సెలైను గొట్టం తెచ్చినాడు.
ఒక కొస కాయిలు ముందర, ఒక కొస వెనక.
వంపులో ఉప్పునీళ్లు, ఒక చుక్క ఎర్ర ఇంకు.
గాలికి దారి మూసుకునే కొద్దీ
ఎర్రనీళ్లు ఒక పక్కకి ఎగబాకాల.
ఎగబాకలేదు. వేలి మందం కూడా కదల్లేదు.
మూడు వారాలు దాని ముందర గొంతుక్కూచున్నాడు.
ఒక తెల్లారుజామున
పలకను ఏటవాలుగా పండబెట్టినాడు.
వేలి మందం జానెడయ్యింది.
జానెడు చివర రెండు రాగి తీగలు,
పాత స్టెబిలైజరులోంచి పీకిన రిలే.
నీళ్లు తాకితే టక్కుమనాల, అంతే.

"దీనికి గ్యారంటీ యాడుంది?" అన్నాడు నారప్ప.
"టైమరుకి ఉన్నింది గదన్నా, ఏం జేసింది?"
సరే, రెండూ ఉండనీ అన్నాడు,
పెళ్లి మాటలకి పెద్దమనిషి అన్నట్టు.

మృగశిరలో మూడో రాత్రి వాన.
మా జిల్లాలో వాన అంటే
జనం పని ఆపి చూస్తారు.
తలుపు బార్లా తీసి, తడిసిన క్రేట్లు దించుకుంటూ
హమాలీలు ఆకాశం చూస్తూ నిలబడినారు.
తడిగాలి లోపలికి దూరింది.
గంటన్నరలో ఫ్యాను గొంతు పూడుకుపోయింది.
అప్పుడు విన్నాను, దుప్పటి లోపలి మాట.
టైమరు ఇంకా నాలుగ్గంటలు నిద్రపోవాల.
ఎర్రనీళ్లు నెమ్మదిగా పాకి, పాకి...
టక్.
ట్రేలో తొలి చుక్క పడిన చప్పుడు
బయటి వాన కన్నా గట్టిగా వినపడింది నాకు.

ఆ నెల బిల్లెంతో నాకు చెప్పలేదు.
నారప్ప కళ్లజోడు మాత్రం తీయలేదు.

ట్రే కింద బకెట్టు నిండింది.
"ఈ నీళ్లేం చేద్దామన్నా?"
"ఎవరి బోరువో వాళ్లకి ఇయ్యాల.
రసీదు లేదే" అని
మొగం కడుక్కుని పోయినాడు కుళ్లాయప్ప.

ఒకటే లోపం దానికి.
ఎండకి గొట్టంలో నీళ్లు ఇగిరిపోతాయి,
ఉప్పూ ఇంకూ అట్లే ఉంటాయి.
పొద్దున్నే మంచినీళ్లు పోయడానికి ఒక మనిషి కావాల.
లాగ్‌బుక్కులో దానికి గడి లేదు.
స్కేలు పెట్టి పెన్సిలుతో ఒకటి గీసుకున్నాను.
నిన్న రెండు చుక్కలు.
ఇయ్యాల మూడు.